కొండమీది తువ్వాలు

శనివారం సాయంత్రం ఆమె కుట్టుమిషను ఆగిందంటే, మర్నాడు కొండనడక ఉందని పక్కింటి వాళ్ళకి కూడా అర్థమైపోయేది. పెదాల మధ్య గుండుసూదులు అలాగే పెట్టుకుని ఫోను అందుకునేది. ముందొక సైటు, తర్వాత ఇంకో సైటు. రెండింట్లోనూ శిఖరం పేజీయే చూసేది. ఊళ్ళో వాతావరణం చూసి కొండెక్కేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు ఉండడని ఆమె గట్టి అభిప్రాయం. ఊళ్ళోంచి చూస్తే సగం ఎత్తులో ఉన్న కొండ భుజమే కనబడుతుంది గానీ శిఖరం దాని వెనకాల దాక్కుని ఉంటుంది. ఇక్కడ ఎండ మాడ్చేస్తున్నా అక్కడ మనిషిని నిలబడనివ్వని గాలి ఉండొచ్చు.

రెండు సైట్లూ చూశాక కూడా ఆమెకి మనసు కుదిరేది కాదు. శిఖరం మీద టీవీ టవరు ఉంది. దానికో కాపలాదారు ఉన్నాడు. చివరికి అతనికే ఫోను చేసేది.

“అన్నా, తువ్వాలు ఎలా ఉంది?”

“ఊగుతోందమ్మా. ఒక్క క్లిప్పుకే ఆగింది.”

అదీ వాళ్ళిద్దరి లెక్క. అతని గది ముందు తాడు మీద ఆరేసిన తువ్వాలు కదలకుండా వేలాడుతుంటే అంతకన్నా మంచి రోజు లేదు. ఊగుతుంటే ఫర్వాలేదు. రెండు క్లిప్పులు పెట్టాల్సొస్తే పిల్లల్ని తీసుకెళ్ళకూడదు. రెండు క్లిప్పులూ ఊడగొట్టుకుని ఎగిరిపోయిందా, ఇక ఎవరూ గడప దాటకూడదు. ఏ సైటూ ఇంత శుభ్రంగా చెప్పి చావదు. ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు.

ఫోను పెట్టేసి, సూదులు డబ్బాలో ఉమ్మి, అప్పుడు చెప్పేది. “ఏవండీ, మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. ఆ తర్వాత మబ్బు దిగేట్టుంది. భుజం మీదికి చేరాక ఓసారి ఫోను చెయ్యండి, మళ్ళీ చూసి చెబుతాను.”

ఆమె మొగుడు బళ్ళో డ్రిల్లు మాస్టారు. బూట్లకి పాలిష్ పట్టిస్తూ “ఊఁ” అనేవాడు. ఆ “ఊఁ”లో మెప్పు ఎక్కడైనా ఉందేమోనని వెతకడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఈ శనివారం మాత్రం కథ వేరు. ఈసారి నడకకి ఇంటిల్లిపాదినీ తీసుకురావాలని కొండనడక బృందంలో వాళ్ళు పట్టుబట్టారు. బృందానికి నాయకుడు మాస్టారే. నాయకుడే పెళ్ళాన్ని ఇంట్లో వదిలేసి వెళితే నలుగురూ నవ్వుతారు. అందుకని చెప్పక తప్పక, పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి చెప్పాడు.

“వస్తావా మరి?”

“రాకేం?”

“నీ మోకాళ్ళు?”

“నాతోపాటే వస్తాయి. వాటినెక్కడ వదిలేస్తాను?”

“వేళాకోళం కాదు. భుజం దాకా అయితే ఏదో ఈడ్చుకుంటూ వస్తావు. అక్కణ్ణించి అంతా నిలువు. మధ్యలో చతికిలబడితే ఎవరు మోస్తారు నిన్ను?”

ఈ మోకాళ్ళ పాట ఇవాళ్టిది కాదు. శిఖరం చూస్తానని ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆయన ముందు మోకాళ్ళ వంకే చూసేవాడు. ఒకసారి ఎంతో ప్రేమగా మోకాలి పట్టీలు కూడా కొనుక్కొచ్చాడు. ఆమె వేసుకుంది. పొద్దస్తమానం మిషను తొక్కే కాళ్ళకి నొప్పేమిటని ఎవరూ అడగలేదు. పట్టీలు వేసుకున్నాక నొప్పి నిజంగానే ఉన్నట్టు అనిపించసాగింది.

అయినా ఆ కోరిక మాత్రం చావలేదు. పెద్ద కోరికేం కాదు. అక్కడ గాలెంతో తెలుసు, చలెంతో తెలుసు, మబ్బు ఏ పక్కనుంచి ఎక్కుతుందో తెలుసు. అంత తెలిసిన చోట ఒక్కసారి తన కాళ్ళమీద తను నిలబడాలి. అంతే.

ఆ సాయంత్రం మిషను మీదున్నది ఆమె సొంత కోటు. బృందంలో ఎవరి వానకోటు జిప్పు పోయినా మాస్టారి సంచిలో ఆమె దగ్గరికే వచ్చేది. పాత కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపి, గుడ్డ పీలికలవకుండా జిప్పు ఊడదీసి, కొత్తదాన్ని చేత్తో వదులుగా కుట్టి నిలబెట్టి, ఆపైన మిషను కుట్టు వేసి, చివర జిప్పు పళ్ళమీద కొవ్వొత్తి రుద్ది పంపేది. బాగుచెయ్యడానికి వీల్లేక వాళ్ళు వదిలేసిన కోట్ల ముక్కలన్నీ దాచి తనకో కోటు కుట్టుకుంది. ఒక చెయ్యి ఆకుపచ్చ, ఇంకోటి నీలం. అద్దంలో చూసుకుని తనలో తనే నవ్వుకుంది.

“సర్కసులో చేరుతున్నావా?” అన్నాడు మాస్టారు.

మర్నాటి సంగతి తేలలేదు. ఒక సైటు మధ్యాహ్నానికే గాలి లేస్తుందంటే, ఇంకో సైటు సాయంత్రం దాకా భయం లేదంటోంది. తువ్వాలేమో ఊగుతోంది. “భుజం దాకా వెళ్ళి చూద్దాం,” అంది ఆమె. ఆయన “ఊఁ” అన్నాడు.

*

బస్సు దిగేసరికి కొండ కింద అందరూ చేరి ఉన్నారు. ఆమెకి ఒక్క మొహమూ తెలీదు గానీ కోట్లన్నీ తెలుసు. ఎర్రకోటుకి జేబు జిప్పు తను వేసిందే. ఆ బూడిదరంగు కోటు మెడ దగ్గర ఎప్పుడూ తెగుతుంది, ఎందుకో ఇవాళ తెలిసింది, దానిలోని మనిషికి మెడ అంటూ లేదు. చాలాకాలంగా ఎరిగున్న చుట్టాల మధ్యకి వచ్చినట్టు ఆమెకి హుషారుగా అనిపించింది.

మాస్టారు విజిల్ ఊదాడు. నడక మొదలైంది.

కాళ్ళు నొప్పెట్టలేదు. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, నొప్పి ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఊపిరి అందక పక్కన కూలబడ్డది ఎర్రకోటావిడే. ఆవిడ పళ్ళ డాక్టరట. తనే ఆగి ఆవిడకి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

“మీరు మా ముక్కుగారి తాలూకా కదండీ?” అంది ఎర్రకోటావిడ, నీళ్ళు తాగి.

“ఎవరి తాలూకా?”

“అయ్యో, మీకు తెలీదూ! మాస్టారిని మేమంతా ముక్కుగారనే అంటాం. ఆయన ముక్కుకి ఎంత శక్తుందో మీకు చెప్పాలా వదినగారూ? భుజం మీదికి వెళ్ళగానే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఒక్కరే ఆ బండ వెనక్కి వెళతారు. మాట్లాడకూడదు. ఆయన అటు గాలి వాసన చూసొచ్చి, పదండి అంటే పదండే, వెనక్కి అంటే వెనక్కే. ఒక్కసారి తప్పితే ఒట్టు! పోయిన చలికాలం మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక్కి తిప్పారు. మేం తిట్టుకుంటూ దిగాం. దిగామో లేదో, పైన వడగళ్ళు!”

ఆ వడగళ్ళు ఆమెకి బాగా గుర్తున్నాయి. ఒక చేత్తో జాకెట్టు అంచు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, “తిరిగొచ్చెయ్యండి, తువ్వాలు ఎగిరిపోయిందట,” అని అరిచింది తనే.

“ఎవరికైనా ఫోను చేస్తారేమో,” అంది మెల్లగా.

“ఛ! ఫోనా? ఆయన పాతకాలపు మనిషి. ఫోనులో చూసి కొండెక్కేవాళ్ళంటే ఆయనకి ఎంత మంటో!”

ఆమె సీసా మూత బిగించింది. బిగిసిన మూతని ఇంకా తిప్పుతూనే ఉంది. మా ఆవిడ చూసి చెబుతుందని ఎక్కడో ఒకచోట, ఎవరితోనో ఒకరితో, మాటవరసకైనా అని ఉంటాడనుకుంది ఇన్నాళ్ళూ. వెర్రిమొహం.

భుజం మీద గాలి చల్లగా తగిలింది. శిఖరం అక్కడినుంచి మొదటిసారి కనబడింది, సగం మాత్రమే. టవరు మొదలు కనబడుతోంది, కొస మబ్బులో ఉంది. ఇక్కడ సైట్లు తెరుచుకోవు, ఫోనులో మాట మాత్రం వినబడుతుంది.

“కూర్చోండి,” అన్నాడు మాస్టారు. అందరూ కూర్చున్నారు. ఆయన టోపీ తీసి, తల పైకెత్తి, నెమ్మదిగా బండ వెనక్కి నడిచాడు. పిల్లలు కూడా నోరు మూసుకున్నారు.

ఆమె కోటు జేబులో ఫోను మోగింది.

అలవాటంటే అలాంటిది. ఏళ్ళ తరబడి అదే బండ, అదే నెంబరు. ఈరోజు ఇంటి దగ్గర ఎవరూ లేరని ఆయన బుర్రకి తట్టనే లేదు. ఫోను మోగుతూనే ఉంది. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“ఏమంటోంది?” అన్నాడు మాస్టారు. మాట ఫోనులోంచీ వచ్చింది, బండ వెనకనుంచీ వచ్చింది.

తలలన్నీ బండ వైపు తిరిగాయి. తర్వాత బూడిదరంగు కోటాయన పకపకా నవ్వాడు. “అబ్బో! ఐదు నిమిషాలు కూడా పెళ్ళాన్ని వదిలి ఉండలేడురా మన ముక్కు!” దాంతో అందరూ అందుకున్నారు. ఎవరో ఈల కూడా వేశారు.

ఆమె నవ్వలేదు. ఆమె కళ్ళు మబ్బు మీద ఉన్నాయి, పిల్లల మీద ఉన్నాయి. “ఉండండి,” అని పెట్టేసి, అందరి ముందూ, అందరికీ వినబడేలా ఇంకో నెంబరుకి చేసింది.

“అన్నా, తువ్వాలు?”

“రెండు క్లిప్పులు పెట్టినా ఆగట్లేదమ్మా. లోపల పెట్టేసుకున్నాను. ఎవర్నీ పంపకండి.”

మళ్ళీ మొగుడికి చేసింది. “పైన గాలి లేచింది. వెనక్కి తిప్పండి.”

మాస్టారు బండ వెనకనుంచి బయటికొచ్చాడు. చెవులు కందిపోయి ఉన్నాయి. ఎవరి మొహమూ చూడకుండా ఆకాశం వంక చూసి, గట్టిగా ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, “వెనక్కి,” అన్నాడు.

ఇప్పుడైనా ఎవరో ఒకరు అంటారనుకుంది. చెవులున్నాయి కదా అందరికీ.

“చూశారా!” అంది ఎర్రకోటావిడ చప్పట్లు కొడుతూ. “వదినగారు ఫోను చేసి కనుక్కున్నారు, మాస్టారి ముక్కు కూడా సరిగ్గా అదే చెప్పింది!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కుట్టిన జిప్పులు మెడదాకా లాక్కుని, ఆమె తిప్పిన దారిన, ఆయన వెనకాల దిగడం మొదలుపెట్టారు. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. టవరు మొదలు కూడా మబ్బులో కలిసిపోయింది.

*

ఇంటికొచ్చాక ఆయన బూట్లు విప్పేదాకా ఆగింది.

“వాళ్ళకి ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“ఏమని?”

“నేను చూసి చెబుతానని.”

“ముక్కు గిక్కు అని పేరు పెట్టింది వాళ్ళు. నేను పెట్టమన్నానా? పోనీలే సరదాకి అంటున్నారని ఊరుకున్నాను. దానికింత రాద్ధాంతం ఎందుకు? అయినా నువ్వు చెబితేనేం, నేను చెబితేనేం? ఒకే ఇంట్లో మనుషులమేగా.”

“సరే. మరి నా మోకాళ్ళు?”

“ఏమయ్యాయి?”

“ఏమీ కాలేదు. అందరితో సమానంగా ఎక్కాను, అందరితో సమానంగా దిగాను. ఇన్నేళ్ళూ నన్నెందుకు రానివ్వలేదు?”

ఆయనకి చిరాకెత్తింది. చిరాకులో మనిషి నిజం చెప్పేస్తాడు. “నువ్వు కూడా కొండెక్కి కూర్చుంటే కింద ఫోను ఎవరెత్తుతారే?”

అనేశాక ఆయన కూడా కాస్త తడబడ్డాడు. బూటులోంచి రాయి ఏదో దులిపాడు. అందులో రాయేమీ లేదు.

ఆమెకి ఏడుపు రాలేదు. పట్టీలు గుర్తొచ్చాయి. వాటి వెల్‌క్రో పోతే రెండుసార్లు తనే కుట్టుకుంది. తన కాళ్ళకి సంకెళ్ళు తనే బాగు చేసుకుంది. అదీ మండింది ఆమెకి, చప్పట్లకన్నా ఎక్కువగా.

ఆ వారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. టీ కావాలా, కావాలి. తాళం ఎక్కడ, అక్కడే. బడి నుంచి వస్తూ ఆయన ఒకరోజు కొత్త కత్తెర తెచ్చి మిషను మీద పెట్టాడు. ఆమె పాతదాంతోనే కత్తిరించుకుంది.

శనివారం సాయంత్రం వచ్చింది. మిషను ఆగలేదు. పిల్లల స్కూలు సంచికి అడుగు కుడుతోంది ఆమె, మందపాటి గుడ్డ, సూది విరుగుతుందని చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేస్తోంది. మాస్టారు బూట్లకి పాలిష్ పట్టించాడు. పట్టించినవాటికే మళ్ళీ పట్టించాడు.

“రేపు మళ్ళీ వెళదామంటున్నారు,” అన్నాడు చివరికి. “పోయిన వారం శిఖరం చూళ్ళేదని పిల్లలు గోల.”

“వెళ్ళండి.”

“ఎలా ఉందట పైన?”

“ముక్కుంది కదండీ.”

“అబ్బ! ఇంకా అదేనా? చూడవే ఒక్కసారి, నీ సొమ్మేం పోయింది?”

ఆమె చక్రం తిప్పింది. టక్. ఇంకోసారి తిప్పింది. టక్.

ఆయన విసురుగా తన ఫోనే తీసి, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు వెతికి, “ఇదిగో, ఎండే,” అన్నాడు. ఆమె ఓరగా చూసింది. ఆయన తెరిచింది ఊరి పేజీ. చెబుదామని నోటిదాకా వచ్చింది, దారం కొరికి ఊరుకుంది. ఆయనకి కూడా నమ్మకం కుదరలేదు కాబోలు, మిషను పక్కన గోడ మీద ఆమె సుద్దతో రాసుకున్న నెంబరు వంక దొంగచూపులు చూస్తున్నాడు. “తువ్వాలు అన్న” అని పక్కన రాసి ఉంది.

ఆయన పాలిష్ డబ్బా లోపల పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆమె వీధిలోకి వచ్చి ఫోను చేసింది.

“అన్నా, తువ్వాలు?”

“వేలాడుతోందమ్మా. గాలి ఇంత నెమ్మదించి చాలా రోజులైంది. రేపూ ఇంతే. ఎంతమంది వస్తున్నారు?”

“ఒక్కరే,” అంది.

*

మొదటి బస్సుకే వెళ్ళిపోయింది. చెప్పలేదు. మిషనుకి మూత వేసి, మోకాలి పట్టీలు మడిచి దాని మీద పెట్టి, రంగురంగుల కోటు వేసుకుని, రొట్టె, ఉడికించిన గుడ్లు మూటగట్టుకుని బయల్దేరింది. దారిలో ఎవరూ లేరు. విజిల్ లేదు. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగింది. భుజం మీద ఆ బండ వెనక్కి వెళ్ళి చూసింది. సిగరెట్టు పీకలు, చాక్లెట్టు కాగితాలు. మాస్టారు సిగరెట్టు మానేసి చాలా ఏళ్ళయిందని ఆమెకి చెప్పి ఉన్నాడు.

అక్కణ్ణించి నిలువే. అందులో అబద్ధం లేదు. చేతులు కూడా ఆనించి ఎక్కింది. గుండె చెవుల్లో కొట్టుకుంది, నోరు ఎండిపోయింది, రెండుసార్లు కూర్చుండిపోయింది. మోయడానికి ఎవరూ లేరు కాబట్టి తనే లేచింది.

శిఖరమంటే ఏదో ఊహించుకుంది. తీరా చూస్తే రాళ్ళు, కంచె, టవరు, రేకు గది. అంతే. కానీ చుట్టూ ఎటు చూసినా కిందికే ఉంది లోకం. ఊరు ఎక్కడుందో భుజం అడ్డొచ్చి కనబడలేదు. కనబడకపోవడమే హాయిగా ఉంది.

గది ముందు ఒకతను అటు తిరిగి కూర్చుని స్టవ్వు మీద టీ కాస్తున్నాడు. తాడు మీద నీలిగళ్ళ తువ్వాలు ఒక్క క్లిప్పుతో, పిసరంత కూడా కదలకుండా వేలాడుతోంది.

“తువ్వాలు ఎలా ఉంది అన్నా?” అంది ఆమె, ఆయాసపడుతూ.

అతను చెంచా జారవిడిచాడు. తిరిగి చూశాడు. ఆమె అనుకున్నంత పెద్దవాడేం కాదు, ఆమె కంటే చిన్నవాడు.

“అమ్మా! మీరేనా? శనివారం అమ్మగారేనా?” అని లేచి నిలబడి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక స్టూలు ఇటు జరిపాడు, అటు జరిపాడు. “ఇన్నేళ్ళకొచ్చారు! మీ ఫోనొస్తేనే కదమ్మా నాకు వారం గడిచిందని తెలిసేది. కూర్చోండి, కూర్చోండి. టీ తాగుతారా?”

“నిన్ను ఇన్నాళ్ళూ అన్నా అన్నాను. చిన్నవాడివి.”

“అనండమ్మా, ఏం పోయింది? నన్నిక్కడ పలకరించేదెవరు?”

ఆమెకి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి లేదు, నెపం గాలి మీదికి నెట్టడానికి కూడా లేదు. బూట్లు విప్పి, పాదాలు వెచ్చటి రాతి మీద పెట్టి కూర్చుంది.

టీ గ్లాసులో పోస్తుండగా అతని ఫోను మోగింది. కొత్త నెంబరని ముఖం చిట్లించి ఎత్తాడు. “ఎవరండీ? ... కొండనడక బృందమా? ... ఆఁ, ఆఁ, ఒక్క నిమిషం.” అరచెయ్యి ఫోనుకి అడ్డం పెట్టాడు. “మాస్టారటమ్మా. కింద బస్సు దగ్గర అందరితో ఉన్నారట.”

ఆమె గుండె ఒక్కసారి పైకి లేచింది. సిగ్గులేని గుండె. తెల్లారి లేచి చూసుంటాడు, మనిషి లేదు, కోటు లేదు, పట్టీలు మిషను మీద ఉన్నాయి. అర్థమై ఉంటుంది. గోడ మీద నెంబరు చూసి చేస్తున్నాడు. వెతుక్కుంటున్నాడు.

“నేనొచ్చానా అని అడిగారా?”

అతను ఇబ్బందిగా కాళ్ళు మార్చాడు. “లేదమ్మా.”

“సరిగ్గా విన్నావా? ఇంట్లో మనిషి కనబడ్డం లేదనో, ఎవరైనా ఆడమనిషి పైకొచ్చిందా అనో...”

“లేదమ్మా. గాలెంత ఉంది, మబ్బుందా అని అడిగారు. తొందరగా చెప్పమన్నారు, అందరూ చూస్తున్నారట.”

ఆమె తల ఊపింది. టీ గ్లాసు రాతి మీద పెట్టింది. పైన ఆకాశం ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది. ఇంత మంచి రోజు ఈ ఏడాదిలో మళ్ళీ రాకపోవచ్చు. ఇన్నేళ్ళలో శిఖరం గురించి ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పి ఎరగదు.

“ఎగిరిపోయిందని చెప్పు.”

“అమ్మా?”

“రెండు క్లిప్పులూ ఊడగొట్టుకుని ఎగిరిపోయిందని చెప్పు. ఎవర్నీ పంపొద్దని చెప్పు.”

అతను తాడు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఆమె విప్పిపెట్టిన బూట్ల వంక చూశాడు. తర్వాత ఫోను మీంచి అరచెయ్యి తీశాడు.

“సార్, తువ్వాలు ఎగిరిపోయిందండీ. ఇవాళ ఎవరూ రాకండి.”

అవతల ఏమన్నాడో గానీ ఎక్కువసేపు అనలేదు. అతను ఫోను జేబులో పెట్టుకుని స్టవ్వు ఆర్పాడు. ఆమె వట్టి కాళ్ళతోనే లేచి తాడు దగ్గరికి వెళ్ళి తువ్వాలు ముట్టుకుని చూసింది. ఎప్పుడో ఆరిపోయింది. క్లిప్పు తీసి, నాలుగు మడతలు పెట్టి, తెచ్చి అతని చేతికిచ్చి, మిగిలిన టీ తాగింది.